మణి జర్మనీకి వెళ్ళిన కథ: ముందు చిప్పు, తర్వాతే సూది



పోయిన నెల మన సంఘం సమావేశంలో ముగ్గురు వేర్వేరుగా వచ్చి నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "మీ మణిని జర్మనీకి ఎట్లా పంపించారు?" ఒకరి కూతురు అమెరికాలో ఉంది, ఒకరి కొడుకు లండన్‌లో, ఇంకొకరి పిల్లలు ఇప్పుడే వీసాకు పెట్టుకున్నారు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే కథ కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, ఓపిక పట్టండి. తొందరలో ఉన్నవాళ్ళు ఒక్క మాట గుర్తు పెట్టుకుని వెళ్ళిపోవచ్చు: ముందు చిప్పు, తర్వాతే సూది. ఆ మాట మాకు సమయానికి తెలియక మా మనవరాలు దాదాపు నాలుగు నెలలు ఏడ్చింది.

మణి ఏ జాతి అని చాలామంది అడుగుతారు. ఏ జాతీ కాదు. 2018 వానాకాలంలో పెన్నాగరం రోడ్డు పక్కన తడిసి ముద్దైన నాటుకుక్క పిల్ల. అప్పుడు మా మనవరాలికి మూడేళ్ళు. మా అల్లుడికి హోసూరులో ఉద్యోగం, శనివారం వచ్చి సోమవారం పొద్దున్నే పోయేవాడు. కూతురూ మనవరాలూ మా దగ్గరే ఉండేవాళ్ళు. పాప ఆ పిల్లను చున్నీలో చుట్టుకుని తెచ్చింది. మా ఇంటావిడ "గడప దాటి లోపలికి వస్తే నేను ఊరుకోను" అంది. మణి ఆరేళ్ళు ఆ మాటకు కట్టుబడింది. వరండాలోనే పడుకునేది. రాగి సంగటి, మజ్జిగ దాని తిండి. సాయంత్రం నాలుగుంపావుకు స్కూలు వ్యాను వచ్చే ముందే లేచి గేటు దగ్గర నిలబడేది. గడియారం చూసుకోకుండా ఎట్లా తెలుస్తుందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

2023 డిసెంబరులో అల్లుడికి ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉద్యోగం ఖాయమైంది. ఇంట్లో అందరం సంతోషంగా మాట్లాడుకుంటుంటే పాప ఒక్కటే అడిగింది. "మణికి కూడా పాస్‌పోర్టు తీస్తారు కదా తాతా?" ఏమీ ఆలోచించకుండా "తీస్తాం తల్లీ" అన్నాను. పిల్లలకు మాట ఇచ్చే ముందు పెద్దవాళ్ళం ఒక పూట ఆగాలి. నేను ఆగలేదు.

ఉగాది రోజు మనవాళ్ళు కొందరు నవ్వారు. "నాటుకుక్కకు విమానం టికెట్టా? ఆ డబ్బుతో అక్కడే మంచి జాతి కుక్కను కొనుక్కోవచ్చు కదా" అన్నారు. ఒక పెద్దాయన, "ధర్మరాజు కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడు, మీరు జర్మనీకి రానంటున్నారు, ధర్మపురి వాళ్ళు అనిపించుకున్నారు" అని వేళాకోళం చేశాడు. నేనూ నవ్వాను. కానీ ఇంద్రుడు ధర్మరాజును కుక్కను వదలమన్నాడే గానీ, పదిహేను అంకెల చిప్పు నంబరు అడగలేదు. మా పని ఆయన పనికన్నా కష్టం.

ఇక అసలు విషయం.

2024 ఫిబ్రవరిలో మన ఊళ్ళోనే ఒక పశువుల డాక్టరు దగ్గర మణికి రేబిస్ టీకా వేయించాం. మార్చిలో మైక్రోచిప్ పెట్టించాం. బియ్యపు గింజంత ఉంటుంది, మెడ వెనక చర్మం కింద సూదితో ఎక్కిస్తారు. ఏప్రిల్‌లో రక్తం తీయించి కాగితాలన్నీ పట్టుకుని బెంగళూరులో పెంపుడు జంతువులను పంపే ఏజెంటు దగ్గరికి పోయాను. ఆయన రెండు తేదీలు చూశాడు. టీకా ఫిబ్రవరిలో, చిప్పు మార్చిలో. కాగితాలు మూసేసి, "సార్, ఈ టీకా లెక్కలోకి రాదు" అన్నాడు.

ఎందుకంటే యూరప్ వాళ్ళ లెక్కలో కుక్క అంటే చిప్పు నంబరే. చిప్పు లేని రోజు వేసిన టీకా ఏ కుక్కకు వేశారో రుజువు లేదు. చిప్పు టీకాకు ముందైనా, అదే రోజైనా ఉండాలి. టీకా చెల్లకపోతే దాని మీద తీసిన రక్తమూ చెల్లదు. మొదటి నుంచి మొదలుపెట్టాలి. డాక్టరుది తప్పని అనను. అడగాల్సింది మేము. "విదేశానికి పంపాలి" అని మొదటి రోజే చెప్పి ఉంటే ఆయనా వెతికేవాడేమో. మామూలు టీకా అనుకుని వేశాడు.

ఆ రోజు లెక్క వేసుకున్నాం. మే 10న మళ్ళీ టీకా. కనీసం ముప్ఫై రోజులు ఆగాక రక్తం తీయాలి. జూన్ 12న తీశారు. ఆ రక్తాన్ని యూరోపియన్ యూనియన్ ఆమోదించిన ల్యాబుకే పంపాలి. రేబిస్‌ను ఎదిరించే శక్తి రక్తంలో మిల్లీలీటరుకు కనీసం 0.5 యూనిట్లు ఉండాలి. రిజల్టు మంచిగా వచ్చినా సరే, రక్తం తీసిన తేదీ నుంచి మూడు నెలలు ఆగాలి. అంటే సెప్టెంబరు 12 దాటాలి. మా వాళ్ళ టికెట్లు జూలై 1కి.

ఈ మూడు నెలల మాట విన్నప్పుడు నాకు కోపం వచ్చింది. మన కుక్క అంటే వీళ్ళకంత చులకనా అనుకున్నాను. తర్వాత ఒక రాత్రి నా చిన్ననాటి సంగతి గుర్తొచ్చింది. మా వీధిలో ఒకతన్ని కుక్క కరిచింది. పసుపు పెట్టుకుని ఊరుకున్నాడు. కొన్ని వారాల తర్వాత నీళ్ళ చెంబు చూస్తే అతని చేతులు వణికేవి. నాలుగు రోజుల్లో పోయాడు. లక్షణాలు బయటపడ్డాక ఈ జబ్బుకు మందు లేనట్టే. కుక్కలో ఈ జబ్బు వారాలు, నెలలు కనబడకుండా దాగి ఉంటుంది. టీకాకు ముందే లోపల ఉంటే ఆ మూడు నెలల్లో బయటపడుతుంది. అందుకే ఆగమంటారు. మనం పోగొట్టుకోలేని భయాన్ని వాళ్ళు పోగొట్టుకున్నారు, మళ్ళీ తెచ్చుకోదలచుకోలేదు. ఇది అర్థమయ్యాక నా కోపం పోయింది.

జూన్ 30 రాత్రి పాప మణి పక్కన వరండాలో చాప వేసుకుని పడుకుంది. పొద్దున కారెక్కేటప్పుడు ఏడవలేదు. "తాతా, నువ్వు మాటిచ్చావు" అంది. అంతే. అల్లుడు "మామా, మీరేం బాధపడకండి, నాలుగు నెలలు ఎంతలో అయిపోతాయి" అన్నాడు గానీ నా ముఖం చూడలేదు.

తర్వాతి నెలల గురించి చెప్పాలి. మణి మొదటి వారం సంగటి ముట్టలేదు. నాలుగుంపావుకు గేటు దగ్గర నిలబడేది. వ్యాను మా వీధిలో వేరే పిల్లల కోసం ఆగేది, పోయేది. మణి అది మలుపు తిరిగే దాకా చూసి వచ్చి పడుకునేది. వీడియో కాల్‌లో పాప పిలిస్తే ఫోను వైపు చూసేది కాదు. చెవులు నిక్కబొడుచుకుని గేటు వైపు పరుగెత్తేది. రెండుసార్లు అట్లా అయ్యాక మా ఇంటావిడ "దాని ముందు ఫోను పెట్టొద్దు" అంది.

ఆగస్టు సగం గడిచేసరికి గేటు దగ్గరికి పోవడం తగ్గింది. నా మంచం పక్కకు చేరింది. పొద్దున నడకకు నాతో వచ్చేది. గడప కూడా దాటింది. మా ఇంటావిడ చూసీ చూడనట్టు ఊరుకుంది. అప్పుడు నాకు ఒక దొంగ ఆలోచన వచ్చింది. ఇది ఇక్కడ అలవాటు పడిపోయింది కదా, ఆరేళ్ళ కుక్కను పెట్టెలో పెట్టి ఎందుకు పంపాలి, దానికి ఇక్కడే సుఖం కదా అని. అది మణి సుఖం గురించి పుట్టిన ఆలోచన కాదు, నా సుఖం గురించి పుట్టింది. ఆ తేడా నాకు నేను ఒప్పుకోవడానికి రెండు వారాలు పట్టింది. మీ ఇంట్లో ఇట్లాంటి నిర్ణయం ఉంటే ఒక్కటి అడుగుతాను. కుక్క ఎవరి కోసం వెళ్తోంది, ఎవరి కోసం ఆగుతోంది అని ముందు నిజంగా మాట్లాడుకోండి. ముసలి కుక్కో, గుండె జబ్బున్నదో, పగ్‌లాగా ముక్కు చప్పిడిగా ఉన్నదో అయితే ఆపడమే మంచిది కావచ్చు. ముక్కు చప్పిడి కుక్కలకు విమానంలో ఊపిరి కష్టమవుతుంది, చాలా విమాన సంస్థలు వాటిని ఎక్కించుకోవు. మా మణికి డాక్టరు అన్నీ చూసి ఇబ్బందేమీ లేదన్నాడు. అప్పుడు పంపకపోవడానికి నా దగ్గర నా సుఖం తప్ప వేరే కారణం లేదు.

సెప్టెంబరులో ఇంకో చిక్కు. యూరప్‌కు సొంత పెంపుడు కుక్కగా పోవాలంటే యజమాని ప్రయాణానికీ కుక్క ప్రయాణానికీ మధ్య ఐదు రోజులకు మించి తేడా ఉండకూడదు. మించితే అది వ్యాపారం కింద లెక్క, దానికి వేరే నిబంధనలు. మా కూతురు జూలైలోనే పోయింది. ఒకరు ఉపాయం చెప్పారు. "మణి మీ కుక్క అని మీ పేరు మీద రాయించుకోండి, మీరు విజిట్ వీసా మీద పోయి దింపి రండి." వినడానికి బాగుంది. కానీ కుక్కను ఇంకొకరికి అప్పగించడానికి తీసుకెళ్తే అది సొంత ప్రయాణం కిందికి రాదని ఆ నిబంధనలోనే రాసి ఉంది. పట్టుబడితే కుక్కను వెనక్కి పంపుతారు, లేదా మన ఖర్చుతో క్వారంటైన్‌లో పెడతారు. పట్టుబడకపోయినా అబద్ధం అబద్ధమే. కూతురు తొమ్మిది రోజుల సెలవు పెట్టి అక్టోబరులో తనే వచ్చింది. పాపకు స్కూలు, అల్లుడితో అక్కడే ఉంది.

పెట్టె సంగతి వివరంగా చెప్తాను, ఇది అందరికీ పనికొస్తుంది. విమానాల్లో జంతువుల పెట్టెకు అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం ఐఏటీఏ కొలతలు పెట్టింది. కుక్క ముక్కు నుంచి తోక మొదలు దాకా కొలిచి, దానికి ముందుకాలి ఎత్తులో సగం కలిపితే పెట్టె పొడవు. భుజాల వెడల్పుకు రెట్టింపు, పెట్టె వెడల్పు. నిలబడ్డప్పుడు తల గానీ చెవి కొస గానీ ఏది ఎత్తయితే అది, పెట్టె ఎత్తు. లోపల నిలబడాలి, తిరగాలి, కాళ్ళు చాపి పడుకోవాలి. నీళ్ళ గిన్నె తలుపు తెరవకుండా బయటి నుంచే నింపేట్టు ఉండాలి. మేము పెట్టెను ఆగస్టులోనే కొని తలుపు తీసి వరండాలో పెట్టాం. పాప పాత చున్నీ అందులో పరిచాం. నెలన్నర సంగటి అందులోనే పెట్టాం. ప్రయాణం నాటికి మణికి అది ఇల్లే. నా మాట వినండి, పెట్టెను ప్రయాణానికి వారం ముందు కొనకండి.

నిద్రమందు ఇవ్వొచ్చా అని అడుగుతారు. ఇవ్వకూడదు. పైన ఊపిరి, రక్తపోటు దెబ్బతింటాయి, మత్తులో ఉన్న కుక్క నిలదొక్కుకోలేదు. విమానం వాళ్ళూ ఒప్పుకోరు. కింద సామాన్లతో పాటు గాలి లేని చోట పడేస్తారేమో అని మా ఇంటావిడ భయపడింది. జంతువులను పెట్టే అరలో గాలి ఒత్తిడి, వేడి మనం కూర్చునే చోటు లాగే ఉంచుతారు. చీకటిగా ఉంటుంది, అంతే.

చివరి పది రోజులే అసలు పరుగు. యూరప్‌కు కావలసిన హెల్త్ సర్టిఫికెట్ మీద ప్రభుత్వ అధికారి సంతకం పడిన రోజు నుంచి పది రోజుల్లో అక్కడికి చేరాలి. ముందే చేయించుకుని పెట్టుకునే వీలు లేదు. ఆ సంతకం కేంద్ర ప్రభుత్వపు యానిమల్ క్వారంటైన్ అండ్ సర్టిఫికేషన్ సర్వీసెస్ ఆఫీసులో. మన వైపు వాళ్ళకు చెన్నై, బెంగళూరు రెండూ ఉన్నాయి. ధర్మపురి నుంచి బెంగళూరు 130 కిలోమీటర్లే కాబట్టి అటే పోయాం.

ముందు రోజు రాత్రి మా ఇంటావిడ కళ్ళద్దాలు పెట్టుకుని కాగితాలన్నీ నేల మీద పరిచింది. టీకా పుస్తకం, ల్యాబు రిపోర్టు, చిప్పు సర్టిఫికెట్, ఫారాలు. పదిహేను అంకెలూ ఒక్కో కాగితంలో వేలు పెట్టి పైకి చదివింది. నాలుగోదాన్లో ఆగింది. "ఇక్కడ ఎనిమిది, ఆరు. అక్కడ ఆరు, ఎనిమిది" అంది. టీకా పుస్తకంలో రెండు అంకెలు తారుమారయ్యాయి. పొద్దున్నే డాక్టరు ఇంటికి పోయి సరిదిద్దించి, సంతకం, ముద్ర వేయించుకున్నాం. గడప దాటితే ఊరుకోనన్న మనిషి చూడకపోయి ఉంటే మణి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆగిపోయేది. అక్కడ ముందు చిప్పు చదివే యంత్రం పెట్టి చూస్తారు, ఆ నంబరు కాగితాలతో కలవాలి.

ప్రయాణం రోజు రాత్రి వ్యానులో బయలుదేరాం. కృష్ణగిరి దాటాక ఒకసారి ఆపి మణిని నడిపించాం. మా ఇంటావిడ పెరుగన్నం డబ్బా తెచ్చింది, దారిలో పెట్టేశాం. పాలు, మాంసం కలిసిన తిండి యూరప్‌లోకి తీసుకెళ్ళకూడదు, అది కుక్క కోసమైనా సరే. ఎయిర్‌పోర్టులో పెట్టె తూచారు, మణిని బయటికి తీసి పెట్టెను స్కాన్ చేశారు, మళ్ళీ లోపల పెట్టారు. తలుపు వేసేటప్పుడు మణి అరవలేదు. చున్నీ మీద పడుకుని నా వైపు చూసింది. దాన్ని తీసుకుపోయాక నేను బాత్‌రూముకు పోయి ముఖం కడుక్కున్నాను. తిరుగు దారిలో హోసూరు వచ్చే దాకా ఇద్దరం మాట్లాడలేదు.

మరుసటి రోజు కూతురు ఫోను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పరీక్షలు అయ్యాయి, బయటికి వచ్చారు. పెట్టె తలుపు తీస్తే మణి రాలేదట. మూలకు ఒదిగి కూర్చుంది. పాప నేల మీద కూర్చుని "మణీ, వ్యాను వచ్చింది" అందట. అప్పుడు వచ్చిందట.

అన్నీ సుఖంగా జరిగాయని చెప్పను. మొదటి రెండు వారాలు మణి గడ్డి మీద మూత్రం పోయడానికే భయపడింది. లిఫ్టు అంటే వణుకు. చలికి కోటు వేస్తే బొమ్మలా నిలబడిపోయింది. అక్కడ కుక్కకు మునిసిపాలిటీ పన్ను కట్టాలి. రైల్లో పెద్ద కుక్కకు టికెట్టు, మూతికి కట్టే జాలీ కావాలి. మొత్తం ఖర్చు ఒక మంచి స్కూటీ వెల దాటింది. దండగ అన్నవాళ్ళతో నేను వాదించను. ఎవరి లెక్క వాళ్ళది.

కానీ నాటుకుక్కకు ఇంత అవసరమా అన్నవాళ్ళకు ఒక్క మాట. మన పక్కనే చెంగం వైపు ఎడుత్తనూరులో ఏడో శతాబ్దపు వీరగల్లు ఒకటుంది, మహేంద్రవర్మ పల్లవుడి కాలం నాటిది. పశువులను కాపాడుతూ చనిపోయిన వీరుడి పక్కన అతని కుక్క బొమ్మ కూడా చెక్కారు. దాని పేరు కోవివన్ అని, అది దొంగలను కరిచిందని శాసనంలో రాశారు. ఆ కాలం వాళ్ళు జాతి అడగలేదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు మన తణుకు నుంచి వెళ్ళిన డాక్టరు గిరికుమార్ పాటిల్ తన జాగ్వార్‌ను, నల్ల చిరుతను వదిలి రానని అక్కడే ఆగిపోయాడు. ఇడుక్కి నుంచి వెళ్ళిన ఒక వైద్య విద్యార్థిని తన హస్కీ కుక్కను ఎత్తుకుని సరిహద్దు దాటింది. అలాంటివాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం అప్పుడు నిబంధనలు సడలించింది. మన కష్టం వాళ్ళ ముందు ఏపాటిది? యుద్ధం లేదు, సమయం ఉంది. ముందుగా మొదలుపెడితే చాలు.

వేరే దేశాల వాళ్ళ కోసం క్లుప్తంగా:

అమెరికా: 2024 ఆగస్టు 1 నుంచి కొత్త నిబంధనలు. రేబిస్ ఎక్కువున్న దేశాల జాబితాలో మనం ఉన్నాం. కుక్కకు ఆరు నెలలు నిండాలి. చిప్పు, తర్వాత టీకా, ప్రభుత్వ డాక్టరు సంతకం పెట్టిన ఫారం, సీడీసీలో నమోదైన కేంద్రం ఉన్న ఎయిర్‌పోర్టులోనే దిగడం, ఆ కేంద్రంలో ముందే బుకింగ్. వాళ్ళు ఆమోదించిన ల్యాబులో రక్త పరీక్ష లేకపోతే 28 రోజుల క్వారంటైన్, ఖర్చు మనదే.

బ్రిటన్: యూరప్ లాగే చిప్పు, టీకా, రక్త పరీక్ష, మూడు నెలలు. విమానంలో మన సామానుతో కాదు, కార్గోలోనే పంపాలి.

ఆస్ట్రేలియా: మన దేశం నుంచి నేరుగా పంపలేం. వాళ్ళు ఆమోదించిన ఇంకో దేశంలో ఉంచి అక్కడి నుంచి పంపాలి. దిగాక మెల్‌బోర్న్ దగ్గర మికిల్‌హామ్‌లో క్వారంటైన్.

ఎక్కడికైనా సరే, బయలుదేరడానికి కనీసం ఏడెనిమిది నెలల ముందు మొదలుపెట్టండి. నిబంధనలు మారుతుంటాయి, ఆ దేశం ప్రభుత్వ వెబ్‌సైటు మీరే చూసుకోండి. నాతో సహా ఎవరి మాటా నమ్మి ఊరుకోవద్దు. తిరిగి తీసుకురావాలంటే మళ్ళీ మన క్వారంటైన్ ఆఫీసు అనుమతి ముందే తీసుకోవాలి, అది ఇంకో కథ.

విదేశం ఊసే లేనివాళ్ళకు కూడా ఒకటి. జూలై 6 ప్రపంచ జూనోసిస్ దినం. 1885లో అదే రోజు లూయీ పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లవాడికి రేబిస్ టీకా వేయించాడు. ఆ రోజున పశువుల ఆస్పత్రుల్లో ఉచిత టీకా శిబిరాలు పెడుతుంటారు. మీ వీధి కుక్కలను కూడా తీసుకెళ్ళండి. మణి పోయాక మా గేటు ముందు ఒక నల్లకుక్క చేరింది. మా ఇంటావిడ దానికి రోజూ సంగటి పెడుతోంది. పేరు పెట్టొద్దన్నాను, పెట్టేసింది. పోయిన జూలైలో దానికీ టీకా వేయించాం.

మణి కాగితాలన్నిటి జిరాక్సులు ఒక ఫైలులో పెట్టాను. వచ్చే సమావేశానికి తెస్తాను. కావాల్సినవాళ్ళు చూసి కాపీ చేసుకోండి. సందేహాలుంటే ఇక్కడే అడగండి, నాకు తెలిసింది చెప్తాను.